వేట విరామంలో ఒక టార్చిలైటు: 61 రోజుల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 16

తూర్పు తీరంలో నిన్నటి నుంచి వేట నిషేధం అమల్లోకి వచ్చింది. జూన్ 14 వరకు, మొత్తం 61 రోజుల పాటు, మరపడవలన్నీ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీలను ఆనుకుని వరుసలు కట్టి ఉంటాయి. మా బావ అందులో ఒక పడవకు సరంగు. వలలు బాగుచేసుకోవడానికి, పడవకు రంగులు వేయించుకోవడానికి ఆయనకు దొరికిన ఈ గడువులోనే ఆయన కోసం ఒక టార్చిలైటు తయారుచేసి ఇస్తానని మాట ఇచ్చాను.

మాట ఇవ్వడానికి కారణం నిన్న సాయంత్రం ఆయన కేబిన్‌లోని పెట్టె అడుగు నుంచి తీసి నా ముందు పెట్టిన మూడు చచ్చిన టార్చీలు. మూడూ ఒక్క సంవత్సరంలో కొన్నవే. ఒకదాని డబ్బా మీద 10,000 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుతురు) అనీ, వెలుతురు కిలోమీటరు దూరం పోతుందనీ రాసి ఉంది. లోపలి 18650 సెల్లు (18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం సెల్లు) మీద నిల్వ 9900 మిల్లీయాంపియర్ అవర్లు అని అచ్చు వేశారు. ఈ సైజు సెల్లుల్లో మంచివైనా 3500 దాటడం అరుదు. వంటింటి త్రాసు మీద పెడితే అది 27 గ్రాములు తూగింది. అసలైన సెల్లు సుమారు 45 గ్రాములు ఉంటుంది. ఛార్జి ఎక్కించి మళ్లీ పూర్తిగా దించి కొలిస్తే 840 వచ్చింది.

ఆ సెల్లు తీసేసి మంచి సెల్లు వేశాక టార్చి వెలిగింది కాబట్టి దాని వెలుతురు కూడా కొలిచాను. 5 మీటర్ల దూరంలో, ఒక చోట పడే వెలుతురును కొలిచే లక్స్ మీటరు 196 చూపింది. దాన్ని దూరపు వర్గంతో, అంటే 25తో హెచ్చిస్తే కిరణం తీవ్రత 4,900 క్యాండెలాలు అవుతుంది. టార్చీల కొలతకు 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్-1 ప్రమాణం ప్రకారం వెలుతురు 0.25 లక్స్‌కు పడిపోయే చోటే దాని హద్దు. క్యాండెలాల వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే ఆ దూరం వస్తుంది. ఈ లెక్కన దీని హద్దు 140 మీటర్లు. కిలోమీటరు పోవాలంటే రెండున్నర లక్షల క్యాండెలాలు కావాలి.

ఏప్రిల్ 21

ఎల్ఈడీ ఏది వాడాలన్న ప్రశ్న ఈ వారమంతా నడిచింది. హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తరవాత రోజుల తరబడి కరెంటు లేని ఇంట్లో, చిన్న బల్బున్న పాత మూడు సెల్లుల టార్చిని సాయంత్రానికి పది నిమిషాల చొప్పున పొదుపుగా వాడుకున్నాం. సరిగ్గా దానికి 5 రోజుల ముందు, అక్టోబరు 7న, నీలి ఎల్ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ వార్త చదివిన పత్రికనే వారం తిరగకముందు పగిలిన కిటికీకి అడ్డంగా అంటించాం. తుపాను తరవాత నగరంలోని వీధి దీపాలను తొంభై వేలకు పైగా ఎల్ఈడీలుగా మార్చారు కాబట్టి, ఆ పరిశోధన మా వీధి స్తంభం మీదికి ఎక్కడానికి ఎక్కువ కాలమేమీ పట్టలేదు.

తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలి ఎల్ఈడీయే. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫరు నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది, మిగిలిన నీలంతో కలిసి అది మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఫాస్ఫరులో ఎరుపు పాలు తక్కువైతే చేప మొప్పల రంగు చచ్చిపోయి కనబడుతుంది. రాత్రి డెక్కు మీద సరుకును వేరుచేసేవాడికి మొప్ప ఎర్రగా ఉందా, గోధుమ రంగుకు తిరిగిందా అన్నది డబ్బుతో ముడిపడిన విషయం. అందుకే ల్యూమెన్లు కొంత తగ్గినా ఫర్వాలేదనుకుని, రంగులను ఉన్నదున్నట్టు చూపడంలో వందకు 90కి పైగా సూచిక ఉన్న నిచియా 519ఏ రకాన్ని, మరీ పసుపూ మరీ నీలమూ కాని 4500 కెల్విన్ల ఛాయలో ఎంచుకున్నాను. సాధారణ తెల్ల ఎల్ఈడీ ఇంతే కరెంటుకు ఇంకొంచెం ఎక్కువ వెలుతురు ఇస్తుందని తెలిసే ఈ బేరం చేశాను.

ఏప్రిల్ 28

ఈ రోజు పని వంటింట్లో జరిగింది. నాలుగు ఎల్ఈడీలు పట్టే 20 మిల్లీమీటర్ల రాగి పలక మీద సోల్డరు పేస్టు సన్నగా పూసి, మూడు తెల్లవి, ఒక ఎర్రది పట్టకారుతో దించి, పలకను పాత అట్ల పెనం మీద పెట్టి సన్నని సెగ ఇచ్చాను. సీసం కలిసిన ఈ పేస్టు 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. అప్పటిదాకా బూడిదరంగు మట్టిలా ఉన్నది ఒక్క క్షణంలో పాదరసంలా మెరిసింది, వంకరగా కూర్చున్న మూడున్నర మిల్లీమీటర్ల చిప్పు తనంతట తానే తిరిగి చదరంగా సర్దుకుంది. పుల్లతో మెల్లగా పక్కకు తోసి వదిలితే మళ్లీ తన చోటికి వచ్చింది. అలా వచ్చిందంటే అడుగున సోల్డరు అంతటా పట్టినట్టే. ఆ పెనం ఇక అట్లకు పనికిరాదు, సీసం సంగతి తెలిసి దాన్ని ఇంట్లోవాళ్లు నా బల్ల కిందికి శాశ్వతంగా పంపించేశారు.

రాగి పలక వెనక ఒక తప్పు ఉంది. అంతకు ముందు నాలుగు రోజులు అల్యూమినియం పలకతో కుస్తీ పట్టాను. దానిలో ఎల్ఈడీకీ లోహానికీ మధ్య విద్యుత్తును ఆపే పల్చని పొర ఒకటి ఉంటుంది, అది విద్యుత్తుతో పాటు వేడిని కూడా ఆపుతుంది. ఒకే ఎల్ఈడీకి 3 ఆంపియర్లు ఇవ్వగానే వెలుతురు నీలం వైపు తిరిగింది, అరనిమిషంలో వాడిపోయింది. ఇప్పుడు వాడిన రాగి పలకలో ఎల్ఈడీ అడుగున వేడిని మోసే లోహపు మెత్త (ప్యాడ్) నేరుగా రాగికే అతుక్కుంటుంది.

మే 6

సెల్లు నుంచి ఎల్ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే డ్రైవరు సర్క్యూట్‌తో ఈ వారం గడిచింది. చవక టార్చీల్లో ఎక్కువగా కనిపించే లీనియర్ పద్ధతిలో సెల్లు వోల్టేజీకి, ఎల్ఈడీకి కావలసిన వోల్టేజీకి ఉన్న తేడా అంతా వేడిగానే పోతుంది. నిండు సెల్లు 4.1 వోల్టుల దగ్గర, ఎల్ఈడీ 2.9 దగ్గర ఉంటే, 3 ఆంపియర్లకు 3.6 వాట్లు వెలుతురుగా మారకముందే ఆవిరి. బక్ అనే మరో పద్ధతి ఆ తేడాను కాయిల్‌లో దాచి తిరిగి ఇస్తుంది. కాబట్టి బక్‌నే ఎంచుకున్నాను, దాని పగ్గాలు ప్రోగ్రాము నడిపే ఒక చిన్న ఏటీటైనీ1616 చిప్పు చేతికి ఇచ్చాను, తల భాగంలో ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టరు ఒకటి దానికి కలిపాను.

వెలుతురు తగ్గించడానికి కొన్ని టార్చీలు ఎల్ఈడీని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. అది పట్టుకోవడం సులువు: ఆ వెలుతురులో స్టీలు చెంచాను విసురుగా ఊపితే మెరుపు గీతగా కాక చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నాది గీతగానే వచ్చింది.

చిన్న ప్రయోగం ఒకటి ఇక్కడే రాసిపెట్టుకోవాలి. ఒకే ఎల్ఈడీకి 3 ఆంపియర్లు ఇచ్చినప్పటి కంటే, మూడింటికి తలా ఒక ఆంపియరు ఇచ్చినప్పుడు గది పైకప్పు మీద వెలుతురు దాదాపు నాలుగో వంతు ఎక్కువ వచ్చింది. కరెంటు చిక్కబడే కొద్దీ ఈ చిప్పుల్లో ఎలక్ట్రాన్లు కాంతిగా మారకుండా తమలో తామే శక్తి పంచుకుని వేడిగా పోవడం పెరుగుతుంది. ఒక్క ఎద్దు మీదే బరువంతా వేయకుండా మూడింటికి పంచితే లాభమని తెలిసింది కానీ, దానికి మూడు ఎల్ఈడీల ఖరీదు పెట్టుకోవాలి.

మే 14

మొత్తం ప్రాజెక్టులో నాకు బుద్ధి వచ్చిన రోజు ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆటోనగర్‌లో లేతు మీద 6061 రకం అల్యూమినియం కడ్డీతో తిప్పించిన గొట్టం నిన్న చేతికి వచ్చింది. అడ్డం 26 మిల్లీమీటర్లు, పొడవు 125. 18650 కంటే కొంచెం పెద్దదైన 21700 సెల్లు వేసి, ఫ్యాను ఆపి, తలుపులు మూసిన గదిలో ఇటుక మీద నిలబెట్టి 3 ఆంపియర్లతో వెలిగించాను. గది ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, ఒంటికి చొక్కా అతుక్కునే మన మే నెల ఉక్క. టార్చి తల తొమ్మిది నిమిషాల్లో 57కు చేరింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. చేత్తో పట్టుకోలేకపోయాను.

అప్పుడు థర్మిస్టరును పనిలోకి దించి, పైభాగం 50 డిగ్రీలు దాటకుండా కరెంటును తగ్గించుకోమని ప్రోగ్రాము మార్చాను. నలభై నిమిషాల తరవాత అది 0.75 ఆంపియర్ల దగ్గర నిలబడింది. మొదట వంద అనుకున్న వెలుతురు 29కి దిగింది. సర్క్యూట్‌లో తప్పుందేమోనని గంటసేపు వెతికాను. తప్పు లేదు, ఉన్నది లెక్కే. ఈ గొట్టం ఉపరితలం సుమారు 110 చదరపు సెంటీమీటర్లు. కదలని గాలిలో ఇంత ఉపరితలం, తనకూ గాలికీ ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి వాటులో పదో వంతు కంటే కొంచెమే ఎక్కువ వేడిని వదలగలదు. 50కీ 34కీ తేడా 16 డిగ్రీలు. అంటే ఒకటిన్నర, మహా అయితే 1.75 వాట్ల వేడి. టార్చి నిలకడగా ఎంత వెలగగలదో ఇక్కడే తేలిపోతుంది, లోపల ఎంత ఖరీదైన ఎల్ఈడీ పెట్టినా ఆ 1.75 వాట్ల గడప దాటి వేడి బయటికి పోదు. ఇదే టార్చిని 18 డిగ్రీల చలి రాత్రి వెలిగిస్తే గడప రెట్టింపవుతుంది. చల్లటి దేశంలో పరీక్షించిన టార్చి మన తీరంలో ఎందుకు మొహం వేలాడేస్తుందో నాకు ఇప్పుడు అర్థమైంది.

డబ్బాల మీది అంకెల సంగతి కూడా దీనితోనే తేలింది. ఎఫ్ఎల్-1 ప్రకారం ల్యూమెన్లను వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలవాలి, నడిచే సమయాన్ని వెలుతురు మొదటిదానిలో పదో వంతుకు పడే దాకా లెక్కించాలి. ప్రమాణం నిజాయితీగానే ఉంది. ఆ రెండు నిమిషాలు మాత్రమే జిగేలుమనేలా టార్చిని తయారుచేస్తే మాత్రం చట్టబద్ధంగానే మోసం చేయవచ్చు.

ఒక ఊరట ఉంది. మన కన్ను వెలుతురును తిన్నగా లెక్కపెట్టదు. రెట్టింపు అనిపించాలంటే నాలుగు రెట్లు కావాలి. అందుకే 29కి దిగిన వెలుతురు కంటికి సగానికి పైగానే అనిపిస్తుంది. సాయంత్రం మేడ మీద సముద్రపు గాలిలో చేత్తో పట్టుకుని చూస్తే కరెంటు 1.3 ఆంపియర్ల దాకా నిలిచింది. చేతిలోని రక్తం కూడా వేడిని మోసుకుపోతుంది మరి.

మే 17

మొన్నటి లెక్క నుంచి బయటపడలేకపోతున్నాను. టార్చీల భవిష్యత్తు గురించి ఎవరైనా అడిగితే లక్ష ల్యూమెన్ల కథ చెప్పడం వాడుక. నాకు మాత్రం ఆ గడప దగ్గరే మొత్తం కథ కనిపిస్తోంది.

గొట్టం 2 వాట్ల వేడిని వదలగలదనుకుందాం. ఎల్ఈడీ తీసుకున్న విద్యుత్తులో మూడో వంతు కాంతిగా, మిగతాది వేడిగా మారితే మనకు దక్కేది ఒక వాటు కాంతి. సగం కాంతిగా మార్చగలిగితే 2 వాట్ల వేడికి తోడుగా 2 వాట్ల కాంతి వస్తుంది. మూడింట రెండు వంతులు మార్చగలిగితే 4 వాట్లు. సామర్థ్యం రెట్టింపైతే నిలకడ వెలుతురు నాలుగు రెట్లవుతుంది! క్రీ సంస్థ 2014 మార్చిలో తన ప్రయోగశాలలో వాటుకు 303 ల్యూమెన్లు సాధించినట్టు ప్రకటించింది, తక్కువ కరెంటుతో, గది ఉష్ణోగ్రత దగ్గర. తెల్లని కాంతికి ఉన్న భౌతిక హద్దుకు అది చేరువే. చేతిలోని వేడి టార్చికి, ఆ ప్రయోగశాల అంకెకు మధ్య ఉన్న దూరంలోనే రాబోయే మెరుగుదల అంతా ఉందని నా అంచనా, ఆ దూరం తగ్గేది చిప్పును ఎంత చల్లగా, ఎంత తక్కువ కరెంటుతో నడిపిస్తామన్న దాన్ని బట్టే.

తోటి మెకానిక్ ఒకరు ఈ రోజు లేజరు టార్చి తెచ్చి చూపించారు. దానిలో నీలి లేజరు ఒక ఫాస్ఫరు చుక్కను తాకుతుంది, ఆ చుక్క సూదిమొన అంత ఉండటం వల్ల లెన్స్ దాన్ని పెన్సిల్ లాంటి కిరణంగా కట్టేస్తుంది. కొన్ని వందల ల్యూమెన్లతోనే లక్షల క్యాండెలాలు. పైకి ఎత్తితే తీరపు తేమగాలిలో తెల్లటి కర్రలా కనిపించింది. ముచ్చటగా ఉంది, కానీ ఆ కర్ర మన కళ్లకే ముందు అడ్డం పడుతుంది, పది అడుగుల అవతల వల ముడి చూడటానికి పనికిరాదు. పడవల వైపు వేయవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నన్ను ఊరిస్తున్నది వేరే ఉంది: ఒకే చిప్పు మీద 16 వేలకు పైగా బుల్లి ఎల్ఈడీలను విడివిడిగా వెలిగించే కారు హెడ్‌లైట్లు 2023 నుంచి రోడ్ల మీద ఉన్నాయి. ఆ చిప్పు టార్చిలోకి దిగితే గొట్టంలో ఏదీ కదలకుండానే వెలుతురును వెడల్పు చేయవచ్చు, సన్నం చేయవచ్చు, ఎదుటివాడి మొహం మీద పడకుండా కత్తిరించవచ్చు. అవసరం లేనిచోట వెలగని చుక్క వేడిని కూడా పుట్టించదు.

మే 25

ఉప్పునీటి పరీక్షలో టార్చి చచ్చింది.

జాలరిపేట ఒడ్డు నుంచి బకెట్టుతో సముద్రపు నీళ్లు తెచ్చాను. చల్లగా ఉన్న టార్చిని గంటసేపు ముంచి తీస్తే లోపల చుక్క నీరు లేదు. అదే టార్చిని పూర్తి వెలుతురుతో తొమ్మిది నిమిషాలు వెలిగించి, వేడివేడిగా బకెట్టులో వేశాను, డెక్కు మీద వాడే మనిషి చేతిలోంచి జారితే జరిగేది అదే కదా. పది నిమిషాల్లో లెన్స్ లోపల మంచు పట్టింది, సాయంత్రానికి డ్రైవరు పలక మీద పచ్చటి పూత. లోపలి గాలి 55 డిగ్రీల నుంచి 29కి చల్లారితే దాని ఒత్తిడి 8 శాతం పడిపోతుంది. 80 సెంటీమీటర్ల లోతు నీరు నెట్టే బలానికి అది సమానం. టార్చి తనంతట తానే నీటిని పీల్చుకుందన్నమాట. పీల్చుకున్న దారి కూడా దొరికింది: ఛార్జింగ్ రంధ్రానికి ఉన్న రబ్బరు మూత.

అతుకుల దగ్గర నీటిని ఆపే రబ్బరు ఓ-రింగులు రెండూ నిలిచాయి, సిలికాన్ గ్రీజు పట్టించిన మరలు నిలిచాయి. సౌకర్యం కోసం నేను పెట్టిన రంధ్రమే కొంప ముంచింది. సమస్య బావతో చెబితే, ఆయన వల నుంచి చూపు తిప్పకుండానే, "బెజ్జం ఏల పెట్టావురా? రెండు సెల్లులియ్యి, ఒకటి సార్జీలో ఎడతాను" అన్నారు. అంతే. రంధ్రం మూసేశాను, కొత్త తల భాగం తిప్పించడానికి మళ్లీ ఆటోనగర్ బయలుదేరాను. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి పోర్టబుల్ పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే విప్పి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమలవుతుందని చదివినప్పుడు అది పర్యావరణం గోల అనుకున్నాను. పడవ మీద అది నీళ్ల గోల కూడా.

జూన్ 2

ఎర్ర ఎల్ఈడీ గురించి. 660 నానోమీటర్ల ముదురు ఎరుపుకు కన్ను స్పందించేది, 620 దగ్గరి ఎరుపుకు స్పందించే దానిలో ఆరో వంతే. బ్యాటరీ లెక్క 620 వైపు మొగ్గింది, రాత్రి చూపు లెక్క 660 వైపు. చీకటికి అలవాటు పడిన కంటిలోని కణాలు ముదురు ఎరుపును దాదాపు పట్టించుకోవు, కాబట్టి దిక్సూచి చూసి తలెత్తినా ముందున్న సముద్రం మళ్లీ కనబడుతుంది. 660నే ఉంచాను. తక్కువ వెలుతురులో నడిచే దీపానికి బ్యాటరీ పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ ఎరుపుకు ఇంకో గిరాకీ కూడా ఉంది. శీతాకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి, రాత్రిళ్లు ఆ గుడ్లను వెతికి హేచరీలకు చేర్చేవాళ్లు తెల్ల టార్చి వేస్తే తల్లి తాబేలు బెదిరి వెనక్కి పోతుంది. పొడవు తరంగాల ఎరుపు వాటిని అంతగా కదిలించదు. వచ్చే సీజనుకు వాళ్లకు ఒకటి చేయాలని పక్కన రాసుకున్నాను.

బావ అడిగిన మరో కోరికను మాత్రం తోసిపుచ్చాను. నీటిలోకి దించి చేపలను పిలిచే దీపం అడిగారు. లైటు వేసి పట్టే వేటను కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులోనే దేశ ప్రత్యేక ఆర్థిక మండలి (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే సముద్రం) జలాల్లో నిషేధించింది. ఆయనకు తెలియక అడిగింది కాదు, నేనేమంటానో చూద్దామని అడిగింది.

జూన్ 9

ఛార్జరు పెట్టె డాబాగార్డెన్స్‌లో కొన్న మాడ్యూలుతో పూర్తయింది. పాత కేబుల్‌తో ఛార్జి ఎక్కుతోంది, రెండు కొసలా టైప్-సి ఉన్న కొత్త ఫోను కేబుల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. రంధ్రం టైప్-సి ఆకారంలో ఉన్నా, ఛార్జరుకు ఇక్కడ కరెంటు కావాలని చెప్పే 5.1 కిలోఓముల రెసిస్టర్లు రెండింటినీ తయారీదారు ఎగ్గొట్టాడు. భూతద్దం పెట్టుకుని రెండూ అతికించాను. రెండు రెసిస్టర్లకు పావలా మిగుల్చుకోవడానికి ఇంత పని! పడవలో అందరి దగ్గరా ఫోను ఛార్జర్లే ఉంటాయి కాబట్టి ఇది తప్పించుకోగలిగిన పని కాదు.

కొత్త తలతో వేడివేడిగా ముంచిన పరీక్ష మూడుసార్లు నెగ్గింది. 5 మీటర్ల దగ్గర 310 లక్స్, అంటే 7,750 క్యాండెలాలు, ప్రమాణం లెక్కలో 176 మీటర్లు. డబ్బా మీద రాయాల్సి వస్తే నేను మొదటి నిమిషం అంకెను కాక, మే నెల ఉక్కలో నలభై నిమిషాల తరవాత నిలిచిన అంకెనే రాస్తాను.

జూన్ 23

పద్నాలుగో తేదీ అర్ధరాత్రి దాటాక పడవలు కదిలాయి. ఈ రోజు తెల్లవారుజామున బావ పడవ తిరిగి వచ్చింది. జెట్టీ మీదే టార్చి విప్పి చూశాను: లోపల తడి లేదు, మరల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది, తుడిస్తే పోయింది. రెండు సెల్లుల్లో ఒకటి మాత్రమే వాడారట. మొప్పల రంగు బాగా తెలుస్తోందని కళాసీలు అన్నారట, ఎర్ర దీపం రెండు రాత్రులు వాడారట.

"మరి ఇబ్బందేమీ లేదా బావా?" అని అడిగాను.

"ఉంది. కింద ఎడితే దొర్లిపోతంది. రెండుసార్లు ఇంజను గదిలో పడింది."

వేడి, ఒత్తిడి, తరంగదైర్ఘ్యం అన్నీ లెక్కగట్టిన నేను, ఊగే డెక్కు మీద గుండ్రటి గొట్టం దొర్లుతుందన్న సంగతి తలవనేలేదు. ఆయన అప్పటికే పాత సైకిలు ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి, దానికి ఒకవైపు ముడి వేసి, టార్చి మెడకు తొడిగేశారు. ముడి వైపు ఆనించి పెడితే కదలడం లేదు. రెండో టార్చికి కడ్డీ ఆరు పలకలది ఉందా అని ఆటోనగర్‌కు ఫోను చేశాను, గురువారం రమ్మన్నారు.